వాన లెక్కల్లో దొంగ తలుపు

గురువారం మధ్యాహ్నం ఒక విదేశీ రేవు పట్టణంలో, గడియారాలు బాగుచేసే చిన్న దుకాణంలోకి ఇద్దరు మనుషులు వచ్చారు. కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి "అమరనాథ్!" అని పిలిచారు. ఆ ఊళ్లో అతనికి వేరే పేరుంది. నాలుగేళ్లుగా ఆ పేరుతోనే బతుకుతున్నాడు. అయినా తల్లి పెట్టిన పేరు చెవిన పడగానే చటుక్కున తలెత్తాడు. సైలెన్సర్ బిగించిన పిస్తోలు రెండుసార్లు దగ్గింది. వచ్చినవాళ్లు తలుపు దగ్గరగా వేసి, తాపీగా నడుచుకుంటూ వెళ్లిపోయారు.

అది 2001 జూలై. మూడు రోజుల తర్వాత, ఆదివారం ఒంటిగంటకు, లాల్‌దర్వాజాలో బోనాల జాతర మహా జోరుగా సాగుతోంది. డప్పుల మోతకు గోడలు అదురుతున్నాయి. నెత్తిన బోనం పెట్టుకుని వరసలో నిలబడ్డ ఎల్లమ్మ పక్కనే ఆమె కొడుకు బీరయ్య జనాన్ని తోసుకుంటూ దారి చేస్తున్నాడు. అతని నడుం దగ్గర పేజర్ వణికింది.

"పాలు విరిగినయ్."

బీరయ్య పళ్లు పటపట కొరికాడు. అతను పనిచేసే గూఢచారి విభాగంలో ఆ మాటకు ఒకటే అర్థం. మనవాడి ప్రాణం మీదికి వచ్చింది, ఉన్నపళంగా రమ్మని.

"పండుగ పూట ఏడికిరా?" అంది ఎల్లమ్మ.

"ఆఫీసుల లొల్లి అమ్మా."

"ఆయితారం నాడు ఆఫీసేంది? వాన లెక్కలు రాసేటోళ్లకు గంత తొందరేంది? ఆడ వానగిట్ట కొట్టుకపోతుందా?"

పాపం, కొడుకు వాన లెక్కలే రాస్తాడని ఆ తల్లి నమ్మకం. అతను ఏజెంట్ నంబర్ పదకొండు అని ఆమెకు ఎవరు చెప్తారు? ముప్పై ఎనిమిదేళ్ల బీరయ్య తాతల కాలం నుంచి పాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టాడు. కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివాడు. మూడు దేశాల్లో మూడు పేర్లతో తిరిగాడు. కోపం ముక్కు మీద ఉంటుంది. మిగతా ఏజెంట్లకు మారువేషం వేయడానికి విభాగం ఒక మేకప్‌మన్‌ను పెట్టింది. బీరయ్యకు తలకు తువ్వాలు, సైకిల్‌కు పాల క్యాన్ ఉంటే చాలు. క్యాన్‌లో పైన ఐదు లీటర్ల పాలు, అడుగున శాటిలైట్ ఫోన్.

జాతర గుంపును దాటడానికి అరగంట పట్టింది. రెండు కావస్తుండగా పాల సైకిల్ మీద ఉస్మాన్‌గంజ్ చేరాడు. ఆదివారం కాబట్టి హోల్‌సేల్ దుకాణాలకు షట్టర్లు దించి ఉన్నాయి. ఎండుమిర్చి గోదాం పైన రెండో అంతస్తులో 'దక్కన్ వర్షపాత అధ్యయన కేంద్రం' అనే బోర్డు. తలుపు సందులోంచి ఒక గొంతు అడిగింది.

"పాలు ఆవువా, బర్రెవా?"

"బర్రెవి. నీళ్లు గలపలే."

తలుపు తెరుచుకుంది. బీరయ్య పాల క్యాన్ పట్టుకుని లోపలికి నడిచాడు. లోపల ఇద్దరే ఉన్నారు. విభాగం అధిపతి వీరరాఘవరావు. గుంటూరు నుంచి వచ్చి పాతికేళ్లయినా మాటలో ఆ యాస పోలేదు. రెండోవాడు సిస్టమ్స్ ఆపరేటర్ కృష్ణయ్య. అన్నం డబ్బా మూత తీసి ఉంది గానీ అతను ముద్ద ముట్టుకోలేదు.

"అమరనాథ్ పోయాడయ్యా," అన్నాడు వీరరాఘవరావు. "ఆ విదేశీ ముఠావాళ్లు పేరు పెట్టి పిలిచి మరీ కాల్చారు. ఇవాళ పొద్దున మన రేడియో వింగ్ పట్టుకున్న వాళ్ల మెసేజ్ ఇది. చదువు."

బీరయ్య కాగితం అందుకున్నాడు. 'ఆదివారం నాలుగింటికి రెండో పేరు, ఊరు వస్తాయి. ఏదో రేవు మెస్సులో వంటవాడు.'

బీరయ్య మొహం కందగడ్డయింది. ఆ వంటవాడు ఇశ్రాయేలు. ఈ పనిలో బీరయ్యకు ఓనమాలు దిద్దించినవాడు. సరిహద్దు దగ్గర ఒకసారి కాలు విరిగిన బీరయ్యను భుజాన వేసుకుని పదకొండు మైళ్లు మోసినవాడు. జల్‌పల్లిలో అతని భార్య సుశీల, కొత్తగా కట్టుకుంటున్న ఇంటి గోడలకు రోజూ తనే నీళ్లు కొట్టుకుంటూ మొగుడి రాక కోసం చూస్తోంది.

"ఇశ్రాయేలన్నకు చెప్పిన్రా?"

"ఎలా చెప్పమంటావ్? వైర్‌లెస్ సెట్టు వారానికోసారే తెరుస్తాడు. సోమవారం సాయంత్రం ఆరింటికి. అంతకు ముందు అతన్ని అందుకునే దారే లేదు."

"మరి మన ఫైళ్లు బయటికెట్ల పోయినయ్ సార్?"

వీరరాఘవరావు కృష్ణయ్య వంక చూశాడు. కృష్ణయ్య నేల వంక చూశాడు.

సంగతి ఇది. విభాగం ఫైళ్లన్నీ ఏఎఫ్ఎస్ అనే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లో ఉంటాయి. అసలు సర్వర్ ఢిల్లీలో, దాని ప్రతులు మరో నాలుగు నగరాల్లో. ఎక్కడ కూర్చుని చూసినా అంతా ఒకే చెట్టులా కనిపిస్తుంది. వాన లెక్కల కొమ్మ లోకానికంతటికీ తెరిచే ఉంటుంది. ఏ దేశపు ప్రొఫెసరైనా చూసుకోవచ్చు. ఆ ముసుగు కోసమే ఈ బోర్డు. ఏజెంట్ల ఫైళ్లు మాత్రం ఒక్కొక్కటి ఒక్కో వాల్యూమ్‌లో, అంటే విడి పెట్టెలో, ఉంటాయి. చెట్టు మీద ఎక్కడో ఒకచోట మౌంట్ చేస్తే తప్ప ఆ వాల్యూమ్ ఎవరి కంటికీ ఆనదు.

"మౌంటంటే ఏవిటయ్యా? నాకర్థవయ్యేలా చెప్పు," అన్నాడు వీరరాఘవరావు.

"మా గల్లీల ఒక గోడకు పది తలుపులుంటయ్ సార్. అన్ని ఒక్క తీరుగనే ఉంటయ్. తొమ్మిది గదే ఇంటి అర్రలల్లకు పోతయ్. పదోది తెరిస్తే పక్కోని ఇల్లు. బయట నిలవడి చూస్తే ఫరక్ తెల్వది. గా పదో తలుపే మౌంట్ పాయింట్. ఎవడో మన వాన ఫోల్డర్లల్ల దొంగ తలుపు వెట్టిండు. అది తెరిస్తే అమరనాథ్ ఫైలు." బీరయ్య కృష్ణయ్య వైపు తిరిగాడు. "గా ఇంటికి తాళమన్న ఉంటది గద?"

"లేదన్నా," అన్నాడు కృష్ణయ్య. "దారే లేని ఇంటికి తాళమెందుకని ఢిల్లీవాళ్లు... ఇప్పుడు వెయ్యాల్నన్నా గా హక్కు వాళ్లకే ఉన్నది."

"వాళ్ల ఇండ్లకు వేస్కుంటలేరా తాళాలు!" బీరయ్య బల్ల మీద గుద్దిన గుద్దుకు అన్నం డబ్బా ఎగిరి పడింది.

నాలుగు గంటల ముహూర్తం ఎందుకో కూడా తేలిపోయింది. హైదరాబాద్‌లో చేసిన మార్పులు ముందు ఢిల్లీ సర్వర్‌లోని అసలు ప్రతిలో కూర్చుంటాయి. ప్రతి ఆదివారం సరిగ్గా నాలుగింటికి ఢిల్లీ యంత్రం దానంతట అదే వాటిని అన్ని ప్రతుల్లోకీ రిలీజ్ చేస్తుంది. అప్పుడే లోకం చూస్తుంది. పోయిన ఆదివారం రిలీజ్‌తో అమరనాథ్ బయటపడ్డాడు. ఈ ఆదివారం వంతు ఇశ్రాయేలుది.

"గా రిలీజ్ ఆపుమనుండ్రి ఢిల్లీకి!"

"పొద్దుట్నుంచీ అదే పనిలో ఉన్నానయ్యా. ఆపాలంటే ముగ్గురు అధికారుల సంతకాలు కావాలిట. ఆదివారం. ఒకాయన పెళ్లికెళ్లాడు, ఒకాయన గోల్ఫుకెళ్లాడు, మూడో ఆయన ఫోనెత్తడు."

ఒక మనిషి ప్రాణం పోతుంటే గోల్ఫు! బీరయ్య చేతికి అందింది గాజు గ్లాసు కాబట్టి గోడకు తగిలి పగిలింది, ఆ అధికారే అందితే ఏమయ్యేదో.

"నెలనెలా తనిఖీ జేస్తున్రా లేదా?" అని అడిగాడు బీరయ్య.

"ఎందుకు చెయ్యం?" అంటూ వీరరాఘవరావు లావుపాటి ఫైలు ముందుకు నెట్టాడు. నెలకు ఎనభై పేజీల ఫారం. ఒక్కో వరసలో ఒక ఫోల్డర్ పేరు, పక్కన ఒకటే ప్రశ్న. 'ఫోల్డర్ ఉన్నదా? అవును / కాదు.' అన్నిటికీ అవును అని టిక్కు. కింద కృష్ణయ్య సంతకం, దాని కింద 'సరిచూడబడినది' అని వీరరాఘవరావు సంతకం. ఎనిమిది నెలలుగా ఒక్క నెల తప్పలేదు.

బీరయ్య ఫైలును బల్ల మీద విసిరికొట్టాడు.

"తలుపున్నదా అంటే ఉన్నదని రాసిన్రు. అది ఎవని ఇంట్లకు తెరుస్తదో ఒక్కనాడన్న చూసిన్రా? ఎల్ఎస్‌మౌంట్ అని ఒక్క కమాండ్ గొడితే జెప్తది గద ఏది తలుపో ఏది అర్రనో!"

"ఫారంల గా కాలమ్ లేదన్నా," అన్నాడు కృష్ణయ్య.

"ఎద్దు ఈనిందంటే దూడను గట్టేసెటోళ్లు మీరు! సార్, మీరు సంతకం వెట్టిన్రు గద, ఒక్క పేజీ అన్న సదివిన్రా?"

వీరరాఘవరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లేదయ్యా. చదవలేదు," అన్నాడు. ఆ మాట ఒప్పుకోవడానికి ఒక మనిషి చావాల్సి వచ్చింది.

అరిచి లాభం లేదు. బీరయ్య కీబోర్డ్ ముందు కూర్చున్నాడు. వాన ఫోల్డర్లు ఆరు వేల పైచిలుకు. ఒక్కొక్కదాన్నీ అడిగే ప్రోగ్రామ్ నాలుగు వరసల్లో రాసి, ఢిల్లీలోని అసలు ప్రతి మీదికి వదిలాడు. లైన్ నత్తనడక. సెకనుకు ఒక జవాబు. ఇంగ్లీషు అక్షరాల వరసలో ఏ నుంచి జెడ్ దాకా పూర్తి కావడానికి నూట రెండు నిమిషాలు కావాలి. గడియారంలో రెండూ ఇరవై. అంటే నాలుగూ రెండుకు ముగుస్తుంది. రెండు నిమిషాలు ఆలస్యం.

స్క్రీన్ మీద ఒకటే మాట పరుగెడుతోంది. 'మౌంట్ పాయింట్ కాదు.' 'మౌంట్ పాయింట్ కాదు.'

రెండూ నలభైఅయిదుకు మైథిలి వచ్చింది.

నీలం షిఫాన్ చీర, కళ్ల మీద నల్ల గాగుల్స్, గదంతా పరిమళం. ఈ నెట్‌వర్క్‌ను పెట్టిన కన్సల్టెంట్ ఆమే. ఏడాది కిందట అదే విదేశీ ముఠా ఆమెను కొనబోతే, నేరుగా వచ్చి వీరరాఘవరావుకు చెప్పింది. అప్పట్నుంచి ముఠా మనిషిగా నటిస్తూ మనకు కబుర్లు చేరవేస్తోంది. విభాగంలో ఆమె మాట వేదం.

"ఐ గాట్ ఇట్, సర్!" అంది రొప్పుతూ. "మక్తల్, 1978 ఫోల్డర్. అదే దొంగ మౌంట్. వాళ్ల కొరియర్ నోరు జారాడు."

బీరయ్య ఇంకో విండో తెరిచి అడిగాడు. అవును, మౌంట్ పాయింటే. లోపల ఇశ్రాయేలు వాల్యూమ్. వెంటనే పీకేశాడు.

"బతికించావమ్మా!" వీరరాఘవరావు కుర్చీలో కూలబడ్డాడు. "కృష్ణయ్యా, టీ చెప్పు."

"మిస్టర్ బీరయ్యా, ఇక ఆ ప్రోగ్రామ్ ఆపేయండి," అంది మైథిలి. "లైన్ మీద లోడ్ పడుతుంది."

"నడవనియ్ మేడం. ఇంటికి ఒక్కటే తలుపుండాల్నని రూలేం లేదు. ఒక్క వాల్యూమ్‌ను వంద జాగల మౌంట్ జెయ్యొచ్చు. ఇది మీకు తెల్వదా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

చేసే పని లేక బీరయ్య మళ్లీ తనిఖీ ఫైలు తిరగేశాడు. ఇంత పనికిమాలిన ఫారం ఏ పుణ్యాత్ముడు తయారు చేశాడా అని అతని కోపం. ఇలాంటి ఆఫీసు ఎలా నడుస్తుందో అతనికి తెలుసు. ఫారంలో అడిగింది నింపుతారు. అడగనిది దేవుడు దిగివచ్చి చెప్పినా చూడరు. ఆ సంగతి బాగా ఎరిగినవాడే ఇది తయారు చేసి ఉండాలి. మొదటి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. 'ఫారం రూపకల్పన: సిస్టమ్స్ కన్సల్టెంట్.'

టైమ్ మూడూ నలభై.

"మేడం, ఫారంల ఎల్ఎస్‌మౌంట్ కాలమ్ ఎందుకు వెట్టలే?"

మైథిలి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి లిప్‌స్టిక్ తీసింది. మూత విప్పింది. ఎర్ర రంగు ఉండాల్సిన చోట సన్నని ఇనుప గొట్టం ఉంది.

"ఎందుకంటే మీవాళ్లు కాలమ్ ఉంటేనే చూస్తారు గనక. చేతులు పైకెత్తండి. ఇందులో ఒక్కటే గుండు ఉంది, ఎవరికి కావాలో మీరే తేల్చుకోండి. కృష్ణయ్యా, ప్రోగ్రామ్ ఆపు."

కృష్ణయ్య మీట నొక్కాడు. స్క్రీన్ పి అక్షరం దగ్గర ఆగిపోయింది.

"ఇరవై నిమిషాలు ఇలాగే కూర్చుందాం," అందామె. "నాలుగు కాగానే వెళ్లిపోతాను."

"నిన్ను కూతురిలా చూసుకున్నాను గదమ్మా!" అన్నాడు వీరరాఘవరావు.

"అవును సర్. అందుకే నేనిచ్చిన కాగితం ఏదీ మీరు చదవలేదు."

బీరయ్య నరాలు చిట్లిపోతున్నాయి. ఇలాంటివాళ్లకు సిగ్గూ శరం ఉండవు, మనిషి చావు వీళ్లకు ఒక ఫోల్డర్ పేరు. చేతులు ఎత్తే ఉంచాడు. మూడూ యాభైఅయిదు దాటింది.

"మేడం, పాలు పొయ్యి మీద వెట్టాలె, ఇర్గుతయ్," అన్నాడు హఠాత్తుగా.

ఆమె చూపు ఒక్క క్షణం క్యాన్ మీదికి మళ్లింది. బీరయ్య కాలితో దాన్ని ఎగదన్నాడు. ఐదు లీటర్ల పాలు, అడుగున ఫోను, అల్యూమినియం క్యాను, అన్నీ కలిసి వెళ్లి ఆమె మోకాళ్లకు తగిలాయి. గుండు పేలి పైకప్పులోకి పోయింది. నల్ల గాగుల్స్ ఒకవైపు, మైథిలి ఒకవైపు పడ్డారు. అరవై ఏళ్ల వీరరాఘవరావు, ఎవరూ ఊహించని చురుకుతో, ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

మూడూ యాభైఆరు. ఇంకా పదమూడు వందల ఫోల్డర్లు. ఉన్నవి రెండొందల నలభై సెకన్లు.

బీరయ్యకు ఏం చేయాలో తోచలేదు. "అయ్యో ఇశ్రాయేలన్నా!" అని జుట్టు పీక్కున్నాడు.

అప్పుడు కృష్ణయ్య నోరు విప్పాడు.

"అన్నా, తిట్టనంటే ఒకటి జెప్త. నేను గా ఫారంల చివరి పేజీలు ఎన్నడు చూడలే. టి అక్షరం కాడికొచ్చేసరికి అన్నం యాల్ల అయితది. డబ్బా ఇప్పుకుని, తినుకుంట, చూడకుంటనే టిక్కులు వెడుతుంటి. ఒకపారి మేడం చూసి నవ్వింది. 'పర్వాలేదు కృష్ణయ్యా, కానియ్' అన్నది."

బీరయ్య అతని చొక్కా కాలర్ పట్టుకున్నాడు. తర్వాత అదే చేత్తో అతన్ని కుర్చీలోకి తోశాడు.

"అయితే గాడనే వెట్టింది! కింది నుంచి పైకి నడిపి! జెడ్ నుంచి!"

ప్రోగ్రామ్ తలకిందులుగా పరుగెత్తింది. జహీరాబాద్, కాదు. కాదు. కాదు. ఎల్లారెడ్డి, కాదు. మూడూ యాభైఏడు. కాదు. వీధిలో ఎక్కడో బోనాల డప్పులు. మూడూ యాభైఎనిమిది. కాదు. కాదు. నేల మీది నుంచి మైథిలి స్క్రీన్ చూస్తోంది. ఆమె మొహంలో రంగు మారడం వీరరాఘవరావు గమనించాడు.

"దగ్గరికొచ్చారయ్యా!" అని అరిచాడు.

వనపర్తి. 'మౌంట్ పాయింట్.' వాల్యూమ్ పేరు పక్కనే ఉంది. ఇశ్రాయేలుదే.

"పీకు కృష్ణయ్యా!"

కృష్ణయ్య ఒక అక్షరం తప్పు కొట్టాడు. చెరిపాడు. మళ్లీ కొట్టాడు. మూడూ యాభైతొమ్మిది నిమిషాల నలభై సెకన్లకు ఎంటర్ నొక్కాడు. స్క్రీన్ ఏమీ అనలేదు.

"అన్నా, ఏం రాలే!"

"ఏం రాకుంటే అయినట్టే! తప్పయితేనే మాట్లాడ్తది అది. మిగిలినయి నడిపి!"

నాలుగయింది. ఢిల్లీ యంత్రం తన పని తాను చేసుకుపోయింది. నాలుగూ అయిదుకు బీరయ్య లోకానికంతటికీ కనపడే ప్రతిలోకి వెళ్లి చూశాడు. వనపర్తిలో ఆ ఫోల్డర్ లేదు. మిగతావన్నీ ఒక్కొక్కటే అడిగించి, ఇంకో తలుపు లేదని తేలాకే కుర్చీలోంచి లేచాడు. మైథిలిని తీసుకుపోవడానికి జీపు వచ్చింది. మెట్లు దిగుతూ ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

సోమవారం సాయంత్రం ఆరింటికి ముగ్గురూ వైర్‌లెస్ సెట్టు చుట్టూ కూర్చున్నారు. ఆరయింది. గరగర తప్ప ఏమీ లేదు. ఆరూ పది. కృష్ణయ్య కళ్లు మూసుకున్నాడు. ఆరూ ఇరవైకి బీరయ్య ఇయర్‌ఫోన్‌లో ఒక గొంతు ఖస్సుమంది.

"ఎవడ్రా ఆడ? పోయిన వారం గంటసేపు పిలిచిన, ఒక్కడు పలుకలే! సచ్చిన్రా అందరు?"

"నేనన్నా, బీరయ్యను. ఉన్నపళంగ సామాను సదురుకో. ఇవాల్నే ఎల్లిపో ఆడికెల్లి. అమరనాథ్‌ను సంపిన్రు. నీ పేరు దాక వచ్చిన్రు."

ఇశ్రాయేలు మళ్లీ అందుకున్నాడు. ఏసీలల్ల కూసొని ఏం పీకుతున్రని అడిగాడు. ఫైళ్లు కాపాడలేనోళ్లు విభాగం ఎందుకు పెట్టారని అడిగాడు. ఢిల్లీని, ఉస్మాన్‌గంజ్‌ను, బీరయ్యను, బీరయ్యకు పని నేర్పిన తనను కూడా కలిపి ఏకబిగిన పది నిమిషాలు దులిపేశాడు. మాటంటే పడని బీరయ్య చెవికి ఇయర్‌ఫోన్ అదుముకుని, కళ్లు తుడుచుకుంటూ అన్నీ విన్నాడు.

"ఏవంటున్నాడయ్యా?" అన్నాడు వీరరాఘవరావు ఆత్రంగా.

"తిడుతుండు సార్. మనల్నందర్ని, పేరు పేరున."

"కానీ, తిట్టనియ్," అన్నాడు వీరరాఘవరావు. "నా పేరొస్తే కాస్త వాల్యూమ్ పెంచు."